వేలెత్తితే గట్టిమేళం

తాళి కట్టే సమయానికి పందిట్లో ఎవడో ఒకడు తుమ్ముతాడు. ఇది తప్పే సంగతి కాదు. ఆ తుమ్ము పెళ్లివారి చెవిన పడకూడదని మన పెద్దలు కనిపెట్టిన ఉపాయం గట్టిమేళం. పురోహితుడు చూపుడువేలు పైకెత్తి గాల్లో ఆడిస్తాడు. మేళగాళ్లు అప్పటిదాకా ఏం వాయిస్తున్నా సరే, అక్కడికక్కడ ఆపేసి డోలు పగిలేలా, సన్నాయి చీలేలా మోత మోగించాలి. ఆ మోతలో తుమ్మేం ఖర్మ, తుపాకీ పేలినా వినబడదు.

ఉపాయం బాగానే ఉంది. అందులో నలిగిపోయిందల్లా ఆలమూరు ఇంజేటి రాఘవులు తోడిరాగం.

రాఘవులు గురువు దగ్గర పదకొండేళ్లు సన్నాయి నేర్చుకున్నాడు. అందులో నాలుగేళ్లు తోడికే పోయాయి. ఆ తరవాత నలభై ఒక్క ఏళ్లు పెళ్లిళ్లలో వాయించాడు. ప్రతి పెళ్లిలోనూ ముహూర్తానికి ముందు తోడి ఎత్తుకునేవాడు. గాంధారం మీద ఊగి, మధ్యమం తాకి, పంచమం మీద నిలబడి ఊపిరి తీసుకునేసరికి పంతులుగారి వేలు లేచేది. అంతే, ఢమఢమ! పోనీ పెళ్లయ్యాక వాయిద్దామంటే జనం భోజనాల బంతికి పరిగెత్తేవారు. నలభై ఒక్క ఏళ్లలో ఒక్కసారైనా నలుగురి ముందు ఆయన తోడి పంచమం దాటలేదు.

"ఒక్క రాగం రా, గోవిందూ. మొదట్నించీ చివరిదాకా. మధ్యలో ఎవడూ ఆపకూడదు. అది వాయించేశాక సన్నాయి అటకెక్కించేసినా నాకు బెంగ లేదు," అనేవాడు బావమరిదితో.

గోవిందు డోలు వాయిస్తాడు. మనిషి మంచివాడే గానీ, వేలు చూస్తే ఆగలేడు. అతని కళ్లకీ చేతులకీ మధ్య బుర్ర అనేది అడ్డు రాదు. ఎవరో బస్సు ఆపడానికి చెయ్యెత్తినా, ఇతని చేతులు తొడల మీద దరువేసేస్తాయి.

ఇలా ఉండగా ఒక చలిదేశం నుంచి పెళ్లిళ్లు చూడడానికి వచ్చిన ఓ సంగీత సంఘం పెద్దాయన మండపేటలో రాఘవులు తోడి విన్నాడు. గట్టిమేళం రాగానే ఉలిక్కిపడి, "ఆ పాటకి తరవాత ఏమవుతుంది?" అని అడిగాడు. "తరవాత భోజనాలండీ," అన్నారు పక్కనున్నవాళ్లు. ఆయనకది నచ్చలేదు. ఊరెళ్లి ఉత్తరం రాశాడు: మా ఊరి ఉత్సవంలో రాఘవులుగారి మేళం నలభై ఐదు నిమిషాలు వాయించాలి, ఒకే రాగం, మొత్తం రాగం.

ఉత్తరం చదివించుకుని రాఘవులు ఆ రోజు అన్నం తినలేదు. సంతోషంతో ఆకలి చచ్చిపోయింది పాపం.

విదేశం అనేసరికి ఆ ఉత్తరం కళావినిమయ సంచాలక కార్యాలయానికి చేరింది. మేళంలో నలుగురు కళాకారులు: సన్నాయి రాఘవులు, డోలు గోవిందు, తాళం ముత్యాలు, శ్రుతి పెద్దిరాజు. నలుగురు కళాకారులని పర్యవేక్షించడానికి ఆరుగురు అధికారులు చాలరేమో అని కార్యాలయం మథనపడి, ఉన్నంతలో సర్దుకుని ఆరుగురితోనే బయల్దేరింది. వారికి నాయకుడు ప్రత్యేక ఉపసంచాలకులు పరాంకుశం గారు.

వీడ్కోలు సభలో పరాంకుశం గారు మైకు పట్టుకున్నారు. "మన సంస్కృతి!" అని చూపుడువేలు పైకెత్తి ఆడించారు.

ఢమఢమఢమ! పీపీపీ!

సభంతా లేచి నిలబడింది. ఎందుకు నిలబడ్డారో ఎవరికీ తెలియదు గానీ, ఆ మోతకి కూర్చోవడం అమర్యాద అనిపించింది. రాఘవులు నాలిక్కరుచుకుని గోవిందు కాలు తొక్కాడు.

"నా చేతుల్లో లేదు బావా! వేలు కనబడితే చేతులు వాటంతటవే పడిపోతన్నాయి," అని గోవిందు ఏడుపు మొహం పెట్టాడు.

పరాంకుశం గారి ముఖం మాత్రం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన మాటకి ఇంత చప్పుడు ఎప్పుడూ రాలేదు. మళ్లీ వేలెత్తి చూశారు. మళ్లీ ఢమఢమ. మూడోసారి ఊరికే ఎత్తారు, ఏమీ చెప్పకుండా. మర్నాడే ఉత్తర్వు వచ్చింది.

"విదేశ పర్యటనమందు ప్రాముఖ్యత గల ప్రతి ఘట్టమునందును గట్టిమేళము వాయింపబడవలెను. ఏది ప్రాముఖ్యత గల ఘట్టమో నిర్ణయించు అధికారము వేలెత్తిన అధికారికే ఉండును. ఉపసంచాలకుల వేలుకు ముప్పది సెకనులు, సహాయ సంచాలకుల వేలుకు ఇరువది, పర్యవేక్షకుల వేలుకు పది."

దాని మీద సందేహాలు వచ్చాయి. బొటనవేలు ఎత్తితే వర్తిస్తుందా అని ఒక పర్యవేక్షకుడు రాతపూర్వకంగా అడిగాడు. చూపుడువేలు మాత్రమే అని వివరణ జారీ అయింది. విదేశీయులు వేలెత్తితే ఎలా అని ఇంకొకరు అడిగారు. "అతిథిదేశపు వేళ్లను ఉపేక్షించుట దౌత్యమర్యాదకు భంగకరము. కావున వాటికిని వాయింపవలెను," అని రెండో వివరణ.

రాఘవులు భయంభయంగా ఆఫీసుకెళ్లాడు. "అయ్యగారండీ, నా రాగం మధ్యలో మాత్రం వేళ్లెత్తకుండా చూడండి. మీకు పుణ్యముంటాది. నలభై ఒక్క ఏళ్లండి."

"రాఘవులు గారూ," అన్నారు పరాంకుశం గారు ఎంతో దయగా, "మీ రాగం ప్రాముఖ్యత గలది కాదని మేము ఎలా అనగలం? అది మిమ్మల్ని అవమానించినట్టు కాదూ? బాగున్న చోటల్లా వేలెత్తుతాం. మీరు నిశ్చింతగా ఉండండి."

విమానంలో డోలు సామానుల్లోకి వెళ్లిపోయింది గనక గొడవ ఉండదనుకున్నాడు రాఘవులు. తలుపులు మూశారు. ఎయిర్ హోస్టెస్ నడవా మధ్యలో నిలబడి, ప్రమాదం వస్తే బయటపడే దారులు ఇటూ అటూ అని రెండు చూపుడువేళ్లతో చూపించింది. రెండు వేళ్లు! గోవిందు ముందున్న భోజనబల్ల లాగి వాయించేశాడు. ముత్యాలు జేబులోంచి తాళాలు తీశాడు. ముందు సీట్లో నిద్రపోతున్న దొర లేచి పెళ్లెవరిదని అడిగాడు. ఆ పిల్ల మాత్రం సరదాపడి, ఇన్నేళ్ల ఉద్యోగంలో తన మాట ఎవరైనా పట్టించుకోవడం ఇదే మొదలని చెప్పి వీళ్లకి రెండేసి స్వీట్లు ఎక్కువ పెట్టింది.

చలిదేశంలో దిగగానే వాళ్లకి గైడుగా లీసా అని ఒకావిడ వచ్చింది. ఆవిడకి తెలుగు వచ్చు. నూటయాభై ఏళ్ల కిందటి వ్యాకరణ పుస్తకం ఒకటి దొరికితే, అందులోంచి సొంతంగా నేర్చుకుందట.

"ఆర్యులారా, స్వాగతము! మీ ప్రయాణము నిరుపద్రవముగా సాగెనని తలంచుచున్నాను," అంది.

మేళగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరాంకుశం గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఫైళ్ల అవతల తన భాష మాట్లాడే మనిషి ఆయనకి జీవితంలో మొదటిసారి దొరికింది.

మర్నాటి నుంచి దేశం చూడడం మొదలైంది. కార్యక్రమం అచ్చేసి అందరికీ పంచారు. "పది గంటలు: గడియారపు గోపురం దర్శనం. పది గంటల పది: గట్టిమేళం. పదకొండు: జలపాత దర్శనం. పదకొండుంబావు: గట్టిమేళం." గట్టిమేళం పడితేగాని ఆ ప్రదేశం చూసినట్టు కాగితాల్లోకి ఎక్కదు. బస్సులో లీసా, "ఎడమ పార్శ్వమున గాంచుడు!" అని వేలు చూపిస్తే ఎడమవైపు కొండలకి ఒక మోత. "దక్షిణ పార్శ్వమున!" అంటే కుడివైపు ఆవులకి ఒక మోత. ఆవులు తలెత్తి చూశాయి. గోవిందుకి కుడిచెయ్యి వాచింది.

జలపాతం దగ్గర ఆరుగురు అధికారులూ వరసగా నిలబడి హోదా ప్రకారం వేళ్లెత్తారు. మోత ఆగేసరికి బస్సు బయల్దేరే టైమైంది. అంత ఎత్తు నుంచి పడే నీళ్లు ఎలా చప్పుడు చేస్తాయో రాఘవులుకి ఈ రోజుకీ తెలియదు.

"దేశం కాని దేశం వచ్చి, కొత్త చప్పుడొక్కటి చెవినెయ్యనియ్యలేదు గదరా," అన్నాడు బస్సులో.

"నా చెయ్యి చూడు బావా, బూరె పొంగినట్టు పొంగింది," అన్నాడు గోవిందు.

ఇదంతా ఒక ఎత్తు, మ్యూజియం ఒక ఎత్తు. అక్కడ నాలుగొందల ఏళ్ల నాటి ఆవు బొమ్మ ఒకటుంది. దాని ముందు జనం ఊపిరి కూడా మెల్లగా తీస్తారు. పరాంకుశం గారు ఆవు దగ్గరికెళ్లి, కళ్లు చికిలించి చూసి, వేలెత్తారు. ఢమఢమ! కాపలావాడు పరిగెత్తుకొచ్చి, పెదాల మీద చూపుడువేలు నిలబెట్టి "ష్!" అన్నాడు.

గోవిందుకి ఆ పెదాలూ కనబడలేదు, ఆ "ష్" కూడా వినబడలేదు. కనబడింది వేలు. ఢమఢమ!

"ష్!" అన్నాడు కాపలావాడు, ఇంకా గట్టిగా వేలు నొక్కి.

"విదేశీ వేలు! రెండవ వివరణ! వాయించండి!" అన్నారు పరాంకుశం గారు ఉత్సాహంగా.

ఇంకో కాపలావాడు వచ్చాడు, అతనూ వేలు పెట్టాడు. మూడోవాడు. చివరికి మ్యూజియం పెద్దాయనే మెట్లు దిగి వచ్చి, రెండు చేతుల వేళ్లూ పెదాల మీద పెట్టుకుని బతిమాలాడు. "వీరి హోదా ఏమి?" అని పరాంకుశం గారు లీసాని అడిగారు. "సంచాలకులతో సమానము ఆర్యా," అంది. "అయితే పూర్తి నిమిషము!" అన్నారాయన. పూర్తి నిమిషం వాయించారు. ఊళ్లో జనం బొమ్మల సంగతి మరిచిపోయి మ్యూజియానికి వరస కట్టారు. మర్నాడు అక్కడి పత్రికలో ఫొటో పడింది. వేళ్లెత్తిన ఆరుగురు అధికారులు ముందు, వెనకాల ఎక్కడో గోవిందు వాచిన చెయ్యి.

ఫొటో చూసుకుని పరాంకుశం గారు కచేరీ కార్యక్రమం సవరించారు. మూడు గంటలకి జ్యోతి ప్రజ్వలన. తరవాత స్వాగతోపన్యాసం, అధ్యక్షోపన్యాసం, ఆరుగురి పరిచయం, ఆరుగురికి శాలువాలు, ఉపసంచాలకుల సందేశం. మూడూ ముప్పై ఎనిమిదికి రాగం. మూడూ నలభై ఐదుకి వందన సమర్పణ. ఆ ఏడు నిమిషాల రాగంలో వేళ్లెవరెవరు ఎప్పుడెప్పుడెత్తాలో వేరే కాగితం.

ఏడు నిమిషాలు! పెళ్లి పందిట్లో పంతులు కూడా తొమ్మిది నిమిషాలిచ్చేవాడు.

రాఘవులు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఊరు చూసొస్తానని చెప్పి లీసాతో బయటికొచ్చేశాడు. గోవిందు వెంటపడ్డాడు. లీసా వాళ్లని ఓ రొట్టెల కొట్టు వెనకున్న పెద్ద గదికి తీసుకెళ్లింది. ఆ కొట్టు యజమాని ఫ్రాంట్స్ అనే డెబ్భై ఏళ్ల భారీ మనిషి. ఆయనే ఆ ఊరి మంటలార్పే దళానికి నాయకుడు. ఆ దళంలో అందరూ ఊరివాళ్లే. తీరిక వేళల్లో ఆ దళమే ఒక బ్యాండు. రేపటి ఉత్సవానికి హాలు బాధ్యత కూడా వాళ్లదే. ఫ్రాంట్స్ బాకా ఊదుతాడు.

"ఇచ్చట వీరు సంగీతము నభ్యసింతురు," అంది లీసా.

వీళ్లని చూసి బ్యాండు సరదాగా ఓ నాట్యపాట ఎత్తుకుంది. మొదటి చరణం ఊపందుకుని రెండో చరణంలోకి మలుపు తిరుగుతోంది, గోవిందు తల ఆడిస్తున్నాడు, ఇంతలో గోడ మీద సైరన్ కూసింది. బాకాలు బల్లల మీద పడేసి ఫ్రాంట్సూ, ఆయన పద్నాలుగు మందీ పరుగు. గంట తరవాత తిరిగొచ్చారు. మంటేం కాదు, ఎవరిదో పిల్లి ఇంటికప్పెక్కి దిగలేకపోయిందట. మళ్లీ మొదలెట్టారు. రెండో చరణం మలుపు. సైరన్!

ఈసారి ఫ్రాంట్స్ వెళ్లలేదు. కుర్చీలో కూలబడి ఏదో అన్నాడు. లీసా తెలుగు చేసింది: "ముప్పది రెండు సంవత్సరములుగా ఈ పాట చివర యెట్లుండునో మాలో నెవ్వరు నెరుంగరు."

రాఘవులు ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూశాడు. ఆ తరవాత పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "ఓరి దేవుడా! మీక్కూడా గట్టిమేళమేనా!"

సన్నాయి తీసి పంచమం దాకా వాయించి, వేలెత్తి చూపించి, "ఇదిగోండి, ఇక్కడ. నలభై ఒక్క ఏళ్లుగా ఇక్కడే," అన్నాడు. జేబులో కాగితం తీసి ఏడు నిమిషాల సంగతి చెప్పాడు. లీసా ఎంత పెద్ద మాటలు వాడిందో గానీ, ఫ్రాంట్స్‌కి అర్థమైంది. ఆయన వేడి రొట్టె ఒకటి తెచ్చి రాఘవులు చేతిలో పెట్టి, భుజం తట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం పరాంకుశం గారు హాల్లోకి అడుగుపెట్టేసరికి వేదిక ముందు ఫ్రాంట్స్ నిలబడి ఉన్నాడు. ఇత్తడి బొత్తాల కోటు, నెత్తిన శిరస్త్రాణం, చేతిలో ఓ కాగితం.

"దీపము వెలిగింపరాదు. అగ్నిభయము," అని లీసా అనువదించింది.

"జ్యోతి లేకుండా సభా?" అన్నారు పరాంకుశం గారు.

"వేదికపై కుర్చీలు వేయరాదు. వాద్యము వాయించువారు దక్క అన్యులు నిలువరాదు. ఉపన్యాసములు నిషిద్ధము. ఊపిరి ఎక్కువగా వెలువడి గాలి వేడెక్కునట."

అధికారులు గొల్లుమన్నారు. పరాంకుశం గారు చెయ్యెత్తి వారిని ఆపి, గంభీరంగా అడిగారు: "ఇది రాతపూర్వకమా?"

"అవును ఆర్యా."

"సంఖ్య ఉన్నదా? తేదీ? ముద్ర?"

ఫ్రాంట్స్ కాగితం ముందుకు చాపాడు. సంఖ్య ఉంది, తేదీ ఉంది, గుండ్రటి నీలం ముద్ర మూడు చోట్ల ఉంది. పరాంకుశం గారు దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నంత పని చేశారు. "నిబంధన! నిబంధన అయితే మాకు శిరోధార్యం. ఇంత చక్కటి ముద్ర మా కార్యాలయంలో కూడా పడదు," అని, ఐదుగురినీ వెంటబెట్టుకుని వెళ్లి ప్రేక్షకుల్లో మొదటి వరసలో కూర్చున్నారు. "వేలెత్తడానికి కుర్చీ ఎక్కడుంటేనేం," అని ఆయన అనడం రాఘవులుకి వినబడింది.

కాగితం మీద రొట్టెల పొయ్యి బొమ్మ ఉండడం గోవిందు చూశాడు. అది పొయ్యి తనిఖీ పత్రమని లీసా చెవిలో చెప్పింది, ఒక్క సంధి కూడా కలపకుండా.

ఫ్రాంట్స్ పక్క ఊరి దళానికి కబురు పెట్టి, ఆ నలభై ఐదు నిమిషాలూ ఈ ఊరి పిల్లుల్నీ, మంటల్నీ వాళ్లకే అప్పజెప్పాడు. తన పద్నాలుగు మందిని చివరి వరసలో కూర్చోబెట్టి, వెళ్లి ఏదో మీట నొక్కాడు. హాల్లో దీపాలన్నీ ఆరిపోయాయి. వేదిక మీద మాత్రం వెలుగు.

పెళ్లి పందిట్లో మేళగాడి కంటే జనం మీదే వెలుగెక్కువ. వేలు ఎక్కడ లేచినా కనబడి తీరుతుంది. ఇక్కడ ఎదురుగా నల్లటి చీకటి. అందులో పరాంకుశం గారున్నారో, ఆయన వేలుందో లేదో, దేవుడికే తెలియాలి.

పెద్దిరాజు శ్రుతి పట్టాడు. రాఘవులు తోడి ఎత్తుకున్నాడు. గాంధారం మీద తీరిగ్గా ఊగాడు. మధ్యమం తాకాడు. పంచమం మీదికొచ్చి నిలబడేసరికి, అలవాటు కొద్దీ ఆయన భుజాలు ముడుచుకున్నాయి. గోవిందు చేతులు డోలు మీదికి లేచాయి. ఇద్దరూ చీకట్లోకి చూశారు.

ఏమీ కనబడలేదు.

గోవిందు చేతులు దించుకున్నాడు. రాఘవులు ఊపిరి పీల్చి, మెల్లగా, తలుపు తోసుకుని పరాయి ఇంట్లోకి వెళ్లేవాడిలా ధైవతం మీద కాలు పెట్టాడు. తరిమేసేవాళ్లెవరూ లేరు. నిషాదం. పై షడ్జం. పద్దెనిమిదో ఏట గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న సంగతులు, మనిషి చెవిన ఒక్కసారీ పడనివి, ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మరిచిపోయాననుకున్నవి కూడా వచ్చాయి. ఆయనకి ఎంత ఆనందమైందంటే, వాయిస్తూనే కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, ఉన్నా తుడుచుకునేవాడు కాదు.

తరవాత లీసా చెప్పింది గానీ, ఆ చీకట్లో పరాంకుశం గారు మొదటి పావుగంటా ఉత్తర్వు ప్రకారం వేలెత్తుతూనే ఉన్నారట. ఆ చెయ్యి మాటిమాటికీ మొహానికి అడ్డొస్తోందని పక్క సీట్లో ముసలావిడ ఆ వేలు పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుందట. ఆయన కాసేపు గింజుకున్నారు. ఆ పైన వేలు వెనక్కి అడగలేదట.

రాఘవులు పైస్థాయి అంతా తిరిగాడు. కిందికి దిగాడు. మళ్లీ ఎక్కాడు, చెప్పాల్సిందింకా ఉంది గనక. అదీ చెప్పేశాడు. అప్పుడొచ్చింది చిక్కు.

ఎలా ఆపాలి?

గురువు నేర్పకపోలేదు. నేర్పి యాభై ఏళ్లయింది. ఆ తరవాత ఆయన రాగాలన్నిటినీ ఎవరో ఒకరు ఆపేశారు, తనంతట తను ఆపింది ఒక్కటీ లేదు. చీకట్లోకి చూశాడు, ఎక్కడైనా ఓ వేలు లేస్తుందేమోనని. ఇన్నేళ్లూ తిట్టుకున్న ఆ వేలు కోసం, చెప్పడానికి సిగ్గు గానీ, ఒక్క క్షణం నిజంగా వెతికాడు. గోవిందు వైపు కనుబొమలెగరేశాడు. గోవిందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, డోలు సంగతే మరిచిపోయి వింటున్నాడు.

ఇక ఎవరూ లేరు. రాఘవులు నెమ్మదిగా మెట్టు మెట్టూ దిగి, కింది షడ్జం మీదికొచ్చి, ఊపిరున్నంతసేపు దాన్నే పట్టుకుని, వదిలేశాడు. సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు.

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఒక్క తుమ్ము కూడా లేదు.

గోవిందు మెల్లగా చెవి దగ్గరికి వంగాడు. "బావా, అయిపోయిందా?"

"ఏమోరా," అన్నాడు రాఘవులు కండువాతో మొహం తుడుచుకుంటూ. "నాకూ ఇదే మొదటిసారి."